యేసుబాబు మాస్టారి గోళీ

లోకంలో ఏ వస్తువు కనబడినా అది ఎటు వాలి ఉందో, ఎంత వాలి ఉందో తేలేదాకా యేసుబాబు మాస్టారికి కాలు నిలవదు. కాఫీ పిచ్చివాళ్ళుంటారు, పేకాట పిచ్చివాళ్ళుంటారు. ఈయనది వాలు పిచ్చి. చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక ఆకుపచ్చ గాజు గోళీ, ప్యాంటు జేబులో తాపీ మేస్త్రీలు వాడే టేపు ఎప్పుడూ ఉంటాయి. బల్ల కనబడితే గోళీ పెడతారు. అరుగు కనబడితే గోళీ పెడతారు. గోళీ దొర్లితే ఆయన మొహం వెలిగిపోతుంది. దొర్లకపోతే గోళీని అనుమానంగా చూస్తారు.

భవానీపురంలోని ఆ హైస్కూల్లో ఈ పిచ్చి అందరికీ ముద్దుగానే ఉండేది, ఒక్క వీరభద్రరావు గారికి తప్ప.

వీరభద్రరావు గారు ఆ బళ్ళో ఇరవై రెండేళ్ళుగా లెక్కల మాస్టారు. టెన్త్ ఏ సెక్షన్ ఆయన సొంత జాగీరు. ఆ చుట్టుపక్కల ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "టెన్త్ మాస్టారి ఇల్లెక్కడ?" అంటే కూరల బండివాడు కూడా చూపిస్తాడు. ఆయన పాఠం చెప్పే పద్ధతి కూడా పాతుకుపోయిన పద్ధతే. "స్లోప్ అంటే ఏంట్రా?" అని ఆయన అడగ్గానే నలభై గొంతులు ఒక్కసారిగా "వై టూ మైనస్ వై వన్ బై ఎక్స్ టూ మైనస్ ఎక్స్ వన్!" అని అరిచేవి. ఆ అరుపు రోడ్డు మీదికి వినబడాలి. వినబడకపోతే ఇంకోసారి అరిపించేవారు. ఎవరికైనా అర్థమైందా అన్న ప్రశ్న ఆయనకీ రాలేదు, పిల్లలకీ రాలేదు.

ఏడాదిన్నర కిందట, జూన్‌లో, తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడానికి యేసుబాబు వచ్చి చేరారు. వచ్చిన రోజే హెడ్‌మిస్ట్రెస్ రమాసుందరి గారి బల్ల మీద ఆర్డరు కాగితం పెట్టి, దాని పక్కన గోళీ పెట్టారు. గోళీ మెల్లగా బయల్దేరింది. పేపర్‌వెయిట్‌ని తప్పించుకుంది. పెన్నుల డబ్బాకి దణ్ణం పెట్టినట్టు ఓసారి తగిలి, తిన్నగా వెళ్ళి ఆవిడ ఒళ్ళో పడింది.

"ఏంటండీ ఇది?" అన్నారావిడ.

"మీ బల్ల తూర్పుకి వాలిందండి మేడమ్. గజం పక్కకి వెళితే అరంగుళం దిగుతుందండి. మీ టీ ఎప్పుడూ సాసర్లో తూర్పు వైపే ఒలుకుద్దా అండి?"

రమాసుందరి గారు నోరు తెరిచారు. నాలుగేళ్ళుగా ఆవిడ టీ తూర్పుకే ఒలుకుతోంది. తన చెయ్యి వణుకుతోందేమోనని ఆవిడ చాటుగా డాక్టరుకి కూడా చూపించుకున్నారు. యేసుబాబు బల్ల కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు. ఆ రోజు నుంచీ ఆవిడ టీ ఒలకలేదు. ఆ రోజు నుంచే వీరభద్రరావు గారి కడుపులో మంట మొదలైంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ తనని చూసి ఒక్కసారైనా అంత ఆనందంగా నవ్విన పాపాన పోలేదు మరి.

ఇక స్టాఫ్ రూములో యేసుబాబు ముందు ఎవరూ ఏదీ పెరిగిందనీ తగ్గిందనీ అనకూడదు. అన్నారో, "ఎంత పక్కకి వెళితే ఎంత పైకండి?" అని పట్టుకునేవారు.

ఒకరోజు తెలుగు టీచరు స్టెల్లా గారు టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "మా అత్తగారికి నా మీద కోపం రోజురోజుకీ పెరిగిపోతోందండీ" అని నిట్టూర్చారు.

"ఎన్నాళ్ళలో ఎంత పెరిగిందండి?"

"అదెలా చెప్తామండీ? దసరా సెలవుల్లో మాట్లాడ్డం తగ్గించారు. ఇప్పుడు కూర విడిగా వండుకుంటున్నారు."

యేసుబాబు కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, రెంటినీ కలిపి గీత గీశారు. "ఇదే వాలున పోతే క్రిస్మస్‌కి మీ ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోతారండి. ఈ లోపల ఒక చీర పెట్టి చూడండి, వాలు తగ్గుద్ది."

స్టెల్లా గారు చీర పెట్టారు. వాలు తగ్గింది. ఆ సంగతి ఆవిడ స్టాఫ్ రూములో చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. వీరభద్రరావు గారు మాత్రం ఆన్సరు పేపర్లు దిద్దుకుంటూ, ఎవరో పిల్లవాడికి రావలసిన మార్కు ఒకటి కోసేశారు.

ఆయనకి అసలు దెబ్బ తగిలింది తొమ్మిదో తరగతి పాఠం దగ్గర. యేసుబాబు పిల్లల్ని వరుసగా నడిపించుకుంటూ కాలవ గట్టుకి తీసుకెళ్ళారు. సెలవు మీద ఉన్న మాస్టారి బదులు కాపలాకని వీరభద్రరావు గారు కూడా వెంట వెళ్ళవలసి వచ్చింది.

"మన డెల్టాలో కొండలెక్కడున్నాయిరా? అంతా బల్లపరుపు. మరి కృష్ణ నీళ్ళు ఇక్కణ్ణించి బందరు దాకా ఎవరు తోస్తే పోతన్నయ్?" అని అడిగారు యేసుబాబు.

పిల్లలు నీళ్ళకేసి చూశారు. వీరభద్రరావు గారు కూడా చూశారు.

"మైలు పక్కకి పోతే జానెడు దిగుద్ది. అంతే! ఆ జానెడు వాలే మనందరికీ అన్నం పెడతంది. ఇప్పుడు గట్లు చూడండి. ఈ గట్టుకీ ఆ గట్టుకీ వాలు ఒకటే. మొదలెట్టిన చోటు మాత్రం వేరు. ఆ మొదలెట్టిన చోటునే అంతరఖండం అంటాం. వాలు ఒకటై, అంతరఖండాలు వేరైతే అవి సమాంతర రేఖలు. బందరు దాకా పక్కపక్కనే పోతాయి, ఎక్కడా కొట్టుకోవు."

నలభైమందిలో ఒక్కడు కూడా అరవలేదు. అందరికీ అర్థమైంది. అది చూసి వీరభద్రరావు గారి కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ కాలవ గట్టు మీదుగానే స్కూటరు నడుపుకుంటూ బడికొస్తున్నారు. ఒక్కనాడు కూడా ఆయనకి కాలవలో నీళ్ళు తప్ప ఇంకేం కనబడలేదు. ఈ కొత్తగా వచ్చినాయనకి ఎలా కనబడిందని వారం రోజులు కుళ్ళుకున్నారు.

గోల బడితో ఆగితే బాగుండేది. ఒక ఆదివారం పరీక్ష పేపర్ల కట్ట ఇవ్వడానికి యేసుబాబు ఆయన ఇంటికి వచ్చారు. వీరభద్రరావు గారి భార్య శ్రీలలిత గారు దోసె తెచ్చి పెట్టారు. యేసుబాబు దోసెని ఎత్తి వెలుతురుకేసి చూశారు.

"అమ్మా, మీ దోసె ఇటు పల్చగా, అటు మందంగా వస్తంది. పొయ్యి వాలిందేమోనండి."

"పదకొండేళ్ళుగా ఇంతే అన్నయ్యగారూ! పిండి సరిగ్గా రుబ్బలేదని ఈయన రోజూ నన్ను సాధిస్తారు."

యేసుబాబు వంటింట్లోకి వెళ్ళి గట్టు మీద గోళీ పెట్టారు. గోళీ పోపుల డబ్బా వైపు పరుగెత్తింది. పొయ్యి కాలి కింద రూపాయి బిళ్ళ ఒకటి దోపారు. తరవాతి దోసె అంచు నుంచి అంచు దాకా ఒకే మందాన, కాగితంలా వచ్చింది. శ్రీలలిత గారు ఆ దోసెని పళ్ళెంలో పెట్టుకుని పక్కింటివాళ్ళకి చూపించి వచ్చారు. వీరభద్రరావు గారికి ఆ పూట దోసె గొంతు దిగలేదు. నాలుగు తిన్నారు గానీ, ఒక్కటీ దిగలేదు.

"ఎంత మంచాయనండీ!" అన్నారు శ్రీలలిత గారు.

"పిచ్చాయన" అన్నారు వీరభద్రరావు గారు.

"మీకంటే నయం. పదకొండేళ్ళు పిండిని తిట్టారు."

ఆ మాట ఆయన గుండెల్లో ముల్లులా దిగింది.

ఇక్కడ వీరభద్రరావు గారి గుట్టు ఒకటి చెప్పాలి. ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. "ఇక మెట్లు మానెయ్యండి" అని డాక్టరు చెప్పి అయిదు నెలలైంది. టెన్త్ ఏ సెక్షన్ రెండో అంతస్తులో ఉంది. కింది నుంచి పైకి నలభై నాలుగు మెట్లు. ఆ లెక్క ఆయన మోకాలికి కంఠతా వచ్చు. మెట్లెక్కలేని మాస్టర్లకి కింది అంతస్తులో ఆరో తరగతి ఇవ్వడం ఆ బడి ఆనవాయితీ. సోషలు చెప్పే జాన్‌బాబు గారికి ఆయాసం వచ్చిందని కిందికి పంపారు. ఏడాది తిరిగేసరికి ఆయన ఇల్లెక్కడని అడిగితే జనం, "చిన్నపిల్లల తాతగారిదా?" అనడం మొదలెట్టారు, రిటైరయ్యేదాకా ఆ పేరు పోలేదు. మోకాలి సంగతి బయటపడితే తన టెన్త్ ఏ పోతుంది. ఎవరికి పోతుందో కూడా వీరభద్రరావు గారికి బాగా తెలుసు. గోళీ జేబులో వేసుకుని తిరిగే మనిషికి పోతుంది.

అందుకని మోకాలి సంగతి ఒక్క భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మెట్ల దగ్గరికొచ్చి, పక్కనున్న నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడి, ఊపిరి కూడగట్టుకునేవారు. ఆ బోర్డు మీద పోయిన జనవరి ఆటల పోటీల ఫలితాలు ఒక్కటే ఉన్నాయి. చెంచాలో నిమ్మకాయ పందెంలో ఏడో తరగతి అక్షయకి మూడో బహుమతి వచ్చిందని ఆయన వందసార్లు చదివారు.

బోర్డు చదవడం పూర్తయి మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి, ఎక్కణ్ణించి ఊడిపడేవారో, అదే అంతస్తులో క్లాసున్న యేసుబాబు వెనక తయారు. ముందుకి రారు, వెనక్కి పోరు. సరిగ్గా అయిదు మెట్ల దూరంలో, మణికట్టు మీద గడియారం చూసుకుంటూ వచ్చేవారు.

"ముందు వెళ్ళండి యేసుబాబు గారూ, దారుందిగా" అనేవారు వీరభద్రరావు గారు, పళ్ళ బిగువున.

"పర్లేదు మాస్టారూ. నేను మెట్ల వాలు చూసుకుంటా వస్తన్నా."

"రోజూ చూస్తున్నారుగా! రాత్రికి రాత్రి మారిపోద్దా?"

"చెప్పలేమండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వీరభద్రరావు గారు ఆ గడియారం చూసినప్పుడల్లా మోకాలు తడుముకునేవారు. ఈయన నా మీద నిఘా పెట్టాడు అని ఆయనకి నమ్మకం కుదిరింది.

దానికి తోడు ఆ గోళీ. పదకొండో మెట్టు దగ్గర మోకాలు పిండేసినట్టయ్యేది. ఇంక ఒక్క అడుగు కూడా పడదనిపించే క్షణాన వెనక నుంచి కేక వినబడేది: "మాస్టారూ! కదలమాకండి! ఇక్కడ గోళీ పెట్టా. మీరడుగేస్తే అదిరి దొర్లిపోద్ది!"

"మీ గోళీ కోసం టెన్త్ క్లాసు ఆగాలా?" అని వీరభద్రరావు గారు పై అంతస్తుకి వినబడేలా కసిరేవారు. కసురుతూ గోడకి ఆనుకుని, హాయిగా అర నిమిషం నిలబడేవారు. ఈ పిచ్చివాడి పిచ్చి తనకి కలిసొచ్చినందుకు లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకునేవారు. ముప్ఫై మూడో మెట్టు దగ్గర మళ్ళీ గోళీ, మళ్ళీ కసురు, మళ్ళీ దేవుడు.

ఒకరోజు గంట కొట్టగానే టెన్త్ పిల్లలు బిలబిలమంటూ కింది నుంచి మెట్ల మీదికి దూసుకొచ్చారు. సగం దారిలో ఉన్న వీరభద్రరావు గారికి చెమటలు పట్టాయి. పక్కకి తప్పుకోవాలంటే కడ్డీ పట్టుకోవాలి. పట్టుకుంటే వాళ్ళు చూస్తారు. ఆ లోపలే కింద యేసుబాబు టేపు లాగి, మెట్లకి అడ్డంగా గోడ నుంచి కడ్డీ దాకా పట్టుకున్నారు.

"ఆగండ్రా! కొలత తీస్తన్నా! ఎవడైనా టేపు దాటాడంటే వాడికి వంద గ్రాఫులు!"

పిల్లలు బారుగా ఆగిపోయారు. వీరభద్రరావు గారు పైకెక్కి, కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, హాజరు పట్టీ తెరిచాక గానీ ఆ కొలత పూర్తి కాలేదు. తరవాత ఆయన చేసిన పని ఏంటంటే, హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి, యేసుబాబు గారి పిచ్చి వల్ల తన క్లాసు నాలుగు నిమిషాలు ఆలస్యమైందని ఫిర్యాదు చెయ్యడం.

నవంబరు చివర్లో ఒకరోజు మూడో పీరియడ్ ఆయనకి ఖాళీ. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. యేసుబాబు బల్ల మీద హాజరు పట్టీలోంచి గ్రాఫు కాగితం ఒకటి కొద్దిగా బయటికి వచ్చి ఉంది. దాని మీద పెద్దక్షరాలతో 'వీ' అని ఉంది. వీరభద్రరావు గారు అటూ ఇటూ చూశారు. ఇతరుల కాగితాలు చూడకూడదని ఆయనకి తెలుసు. ఆ నీతి ఏటా పిల్లలకి చెబుతారు కూడా. చెబుతూనే ఉంటారు గనక ఒకసారి తప్పినా ఫరవాలేదనుకుని లాగేశారు.

మూడు గీతలున్నాయి. మొదటిది నిటారుగా లేచిన గీత. పక్కన 'వీ, పోయినేడు జూన్' అని ఉంది. రెండోది చచ్చీ చెడీ పైకి పాకుతున్న గీత, మధ్యలో రెండు చోట్ల చదునుగా చతికిలబడింది. దాని మీద 'వీ, ఈ నవంబర్' అని ఉంది. మూడోది ఆ రెండో గీతకి పక్కనే, అచ్చం దానిలాగే, సమాంతరంగా పోతోంది. దాని పేరు 'యే, ఈ నవంబర్.'

వీరభద్రరావు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది తన క్లాసు మార్కుల గ్రాఫు కాక మరేంటి? ఏడాదిన్నర కింద దూసుకుపోయేవాణ్ణట, ఇప్పుడు పాకుతున్నానట. సరే, దాన్నయినా సహించొచ్చు. నిన్న గాక మొన్న వచ్చి, నాకు సమాంతరంగా గీత గీసుకుంటాడా? నా వాలూ తన వాలూ ఒకటేనా? ఇద్దరం సమానమని తేల్చి, ఇక ఏ సెక్షన్ ఎవరికిచ్చినా ఒకటేనని హెడ్‌మిస్ట్రెస్‌కి చూపించడానికేగా!

కాగితం పట్టుకుని రమాసుందరి గారి గదిలోకి సుడిగాలిలా వెళ్ళారు. మోకాలి నొప్పి కూడా మర్చిపోయారు.

"చూశారా మేడమ్! నా వెనక జరుగుతున్న భాగోతం చూశారా! రోజూ నా వెంటబడి, ఇదిగో, నా క్లాసు మార్కుల రికార్డు తయారుచేశాడాయన!"

రమాసుందరి గారు సోషల్ చదివిన మనిషి. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "నాకు గ్రాఫులు రావు కదండీ మాస్టారూ. ఇందులో అడ్డంగా ఉన్నదేంటి? నిలువుగా ఉన్నదేంటి?"

వీరభద్రరావు గారు చెప్పడానికి కాగితం తన వైపు తిప్పుకున్నారు.

అక్షాలకి పేర్లు లేవు. ఇరవై రెండేళ్ళుగా అక్షాలకి పేరు రాయని ప్రతి పిల్లవాడికీ అర మార్కు కోసిన మనిషి, అక్షాల వంకయినా చూడకుండా పరుగెత్తుకొచ్చారు. మెల్లగా కళ్ళజోడు పెట్టుకున్నారు. నిలువు గీత మీద అంకెలున్నాయి. పదకొండు, ఇరవై రెండు, ముప్ఫై మూడు. అన్నిటికంటే పైన, నలభై నాలుగు.

మార్కులు నలభై నాలుగు దగ్గర ఎందుకు ఆగుతాయి?

మోకాలు ముందు అర్థం చేసుకుంది. తరవాత ఆయనకి అర్థమైంది. నిలువుగా ఉన్నవి మెట్లు. అడ్డంగా ఉన్నవి సెకన్లు. పోయినేడు జూన్‌లో మెట్టుకి సెకనున్నర. ఈ నవంబర్లో మెట్టుకి నాలుగు సెకన్లు. రెండో గీత సున్నా దగ్గర మొదలవలేదు. నలభై సెకన్ల దగ్గర మొదలైంది. ఆ నలభై సెకన్లూ ఏంటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెంచాలో నిమ్మకాయ, అక్షయ, మూడో బహుమతి. గీత చదునుగా చతికిలబడ్డ రెండు చోట్లా, పదకొండు దగ్గరా ముప్ఫై మూడు దగ్గరా, పెన్సిలుతో చీమతలకాయంత అక్షరాల్లో 'గోళీ' అని రాసి ఉంది.

ఇక మిగిలింది మూడో గీత. అది కూడా మెట్టుకి నాలుగు సెకన్లే. అదే వాలు. 'వీ' చదునైన చోట 'యే' కూడా చదునైంది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా, సరిగ్గా అయిదు మెట్ల దూరంలో, ఒక్కచోట కూడా తన గీతని దాటలేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కగలిగినవాడు, ఇన్నాళ్ళుగా తన మోకాలి వేగంతోనే మెట్లెక్కుతున్నాడు. పిల్లలెవరూ తనని తోసుకుని ముందుకి పోకుండా వెనక గోడలా నిలబడి వస్తున్నాడు.

"ఏంటండీ మాస్టారూ, మాట్లాడరేంటి?" అన్నారు రమాసుందరి గారు. "ఆయన గోల నాకూ ఉందిలెండి. సెప్టెంబర్లో ఒక అర్జీ ఇచ్చారు. పైకి మెట్ల బదులు ర్యాంపు కట్టాలట. పన్నెండడుగులు పక్కకి వెళితే ఒక్క అడుగే లేవాలట. ఇదిగో బొమ్మ."

సొరుగులోంచి తీసి పరిచారు. రెండో అంతస్తు ఇరవై రెండడుగుల ఎత్తు గనక ర్యాంపు రెండొందల అరవై నాలుగు అడుగులు వచ్చింది. అది టెన్త్ ఏ గది గుమ్మంలో బయల్దేరి, బడి గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఇడ్లీ హోటల్లో చట్నీ గిన్నెల మధ్య దిగింది. అక్కడ ఎర్ర సిరాతో 'హోటల్ వారి అనుమతి కావాలి' అని రాసి ఉంది.

"ఇది కుదరదండీ అంటే అక్టోబర్లో ఇంకోటి ఇచ్చారు," అంటూ ఆవిడ రెండో కాగితం చదివారు. "'వాలు మార్చలేం గనక అంతరఖండం మార్చవలెను. టెన్త్ ఏ గదిని కింది అంతస్తులోకి దించి, ఆరో తరగతిని పైకి పంపవలెను. కారణం: టెన్త్ ఏ గదిలో బల్లలు ఉత్తరానికి వాలినందున పరీక్షల్లో పిల్లల పెన్నులు దొర్లిపోతున్నవి.' పెన్నులు దొర్లుతున్నాయని ఎవరైనా గదులు మారుస్తారా? పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాట్ట! సొరుగులో పడేశాను."

రెండు అర్జీల్లోనూ ఎక్కడా వీరభద్రరావు గారి పేరు లేదు. మోకాలి మాట లేదు.

ఆయన రెండు అర్జీలూ మరోసారి చూశారు. తనకి కలిగింది కృతజ్ఞతో, అసూయో ఆయనకే తెలియలేదు. ఇంత మంచితనం కూడా ఈ మనిషికే రావాలా, నాకెందుకు రాదు అని ఒక పక్క మంట. మరో పక్క కళ్ళజోడు మసకబారుతోంది. జేబురుమాలు తీసి అద్దాలు తుడిచి, గట్టిగా దగ్గారు.

"మేడమ్, ఆ అర్జీలో ఉన్నది నిజమే. పెన్నులు దొర్లుతున్నాయి."

"మీరు చూశారా?"

"ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఉత్తరానికే."

"మరి ఇప్పటిదాకా చెప్పలేదే?"

"నేను సర్దుకుపోయే మనిషిని మేడమ్."

రమాసుందరి గారు ఒక క్షణం ఆయన మొహం చూశారు. ఆయన బరువంతా కుడికాలి మీద వేసి నిలబడటం చూశారు. ఇంకేం అడక్కుండా అర్జీ మీద సంతకం పెట్టేశారు. "ఆరో తరగతివాళ్ళకి పైకెక్కడమంటే పండగేలెండి. టెన్త్ ఏ మాత్రం ఎప్పటిలాగే మీదే" అన్నారు.

స్టాఫ్ రూములో యేసుబాబు కాగితం కోసం బల్ల కిందా పైనా వెతుక్కుంటున్నారు. వీరభద్రరావు గారు వెళ్ళి గ్రాఫు ఆయన ముందు పెట్టారు. యేసుబాబు మొహం పాలిపోయింది.

"మాస్టారూ... అది ఊరికే... నా పిచ్చి మీకు తెలుసు గదండి..."

"అక్షాలకి పేర్లు రాయలేదు" అన్నారు వీరభద్రరావు గారు, ఎర్ర పెన్ను తీసి. "అర మార్కు కట్."

కాగితం మీద నిజంగానే 'పదికి తొమ్మిదిన్నర' అని వేసి, కింద సంతకం పెట్టారు. ఆయన చేతి మీదుగా ఇరవై రెండేళ్ళలో ఎవరికీ తొమ్మిది దాటలేదని ఆ బడికంతా తెలుసు. యేసుబాబు ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి గోళీ ఉన్న జేబులో పెట్టుకున్నారు. ఇద్దరూ ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

డిసెంబర్లో టెన్త్ ఏ కిందికి దిగింది. వరండా ముందు రెండు మెట్లు మాత్రం మిగిలాయి. ఒక అడుగు ఎత్తు. యేసుబాబు తమ్ముడు జక్కయ్య తాపీ పని చేస్తాడు. ఓ సెలవురోజు వచ్చి, ఆ మెట్ల పక్కన చిన్న ర్యాంపు కట్టి, దానికో కడ్డీ పాతి వెళ్ళాడు. పుస్తకాల పెట్టెలు లాక్కెళ్ళడానికని అందరికీ చెప్పారు.

వీరభద్రరావు గారి అసూయ పోయిందా అంటే, పోలేదు. సిమెంటు ఆరిన మర్నాడు ఆయన అందరికంటే ముందే బడికొచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, సంచీలోంచి కొత్త టేపు తీశారు. వంగి ఒకసారి కొలిచారు. నమ్మలేక ఇంకోసారి కొలిచారు. పొడుగు పదకొండు అడుగుల పది అంగుళాలే ఉంది. రెండంగుళాలు తక్కువ! ఆయన మనసులో వెన్నెల కాసినట్టయింది. గేటు దగ్గర యేసుబాబు స్కూటరు ఆపుతూ కనబడ్డారు.

"యేసుబాబు గారూ! ఇటు రండి! పన్నెండుకి ఒకటన్నారు! ఏదండీ పన్నెండు?"

యేసుబాబు పరుగెత్తుకొచ్చి, ర్యాంపు మీద బోర్లా పడుకున్నంత పని చేసి కొలిచారు. "అయ్యో, నిజమే మాస్టారూ! జక్కయ్య తొందరపడ్డాడు. వాలు కాస్త ఎక్కువైంది. నాకు తట్టనే లేదు, మీ కన్నే కన్ను!"

"అంటే ఎంత పక్కకి, ఎంత పైకి?" అన్నారు వీరభద్రరావు గారు. అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి ఉలిక్కిపడ్డారు.

యేసుబాబు నవ్వి, నిర్ధారణ కోసం ర్యాంపు తలదగ్గర గోళీ పెట్టారు. ఆకుపచ్చ గోళీ దొర్లుకుంటూ దిగి, వీరభద్రరావు గారి చెప్పుకి తగిలి ఆగింది. ఆయన దాన్ని తీసుకుని, దులిపి, ఎండకేసి పట్టుకుని చూశారు. అప్పుడే టెన్త్ ఏ పిల్లలు రావడం మొదలైంది. వీరభద్రరావు గారు గోళీ తన జేబులో వేసుకుని, ర్యాంపు మీదుగా కడ్డీ పట్టుకోకుండా నడిచి క్లాసులోకి వెళ్ళిపోయారు.

యేసుబాబు మాస్టారు మర్నాడు ఇంకో గోళీ కొనుక్కున్నారు.